థిన్నరు సీసాతో జాగ్రత్త!

మీ ఇంట్లో వున్న సీసాలు ఓసారి లెక్కపెట్టి చూడండి. నేనడిగేది వంటింటి సీసాల గురించి కాదు. మెట్లకింద, స్నానాలగది అటకమీద, స్కూటరు నిలిపే మూలన పడివుండే సీసాల సంగతి. కిందటి పండక్కి తలుపులకూ కిటికీలకూ రంగులు వేయించినప్పుడు మిగిలిపోయిన అరసీసా థిన్నరు ఒకటి వుంటుంది. బ్రష్షులు కడగటానికి తెచ్చిన టర్పెంటైను వుంటుంది. కరెంటు పోయినప్పుడు అక్కరకొస్తుందని అత్తగారు దాచిన కిరసనాయిలు వుంటుంది. బండి దారిలో ఆగిపోతుందేమోనని అబ్బాయి తెచ్చిపెట్టిన పెట్రోలు వుంటుంది. వడ్రంగి సన్‌మైకా అంటించగా మిగిలిన పసుపుపచ్చ గమ్ముడబ్బా కూడా ఎక్కడో వుండే వుంటుంది. వీటిలో చాలామటుకు కూల్‌డ్రింకు సీసాల్లోనూ, మంచినీళ్ళ సీసాల్లోనూ వుంటాయని మీ ఇంటికి రాకుండానే చెప్పగలను. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే మా బోటి డాక్టర్లకు ఆ సీసాలు బాగా పరిచయం. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చే తండ్రి రెండో చేతిలో వుండేది సాధారణంగా అలాంటి సీసాయే.

ఈ ద్రవాల పేర్లు వేరైనా వంశం ఒకటే. కర్బనం, ఉదజని కలిసి ఏర్పడే పదార్థాలు గనుక వీటిని హైడ్రోకార్బన్లు అంటారు. రంగును, జిడ్డును, గమ్మును కరిగించటం వీటి పని. పూర్వం టర్పెంటైను దేవదారు జాతి చెట్ల బంక నుంచి తీసేవారు. ఇప్పుడు రంగుల దుకాణంలో ఆ పేరుతో దొరికేది చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చిన మినరల్ టర్పెంటైనే. ఇక థిన్నరులో ముఖ్యమైన సరుకు సాధారణంగా టోలుయీన్ అనే ద్రవం. దానికి తోడు మరికొన్ని ద్రవాలు తయారీదారును బట్టి కలుస్తుంటాయి. టోలుయీన్ అన్న పేరు వెనక చిన్న కథ వుంది. టోలూ అనేది దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు రేవు పట్టణం. అక్కడి నుంచి ఎగుమతయ్యే ఒక చెట్టు బంకను దగ్గుమందుల్లో కలిపేవారు. ఆ బంకను వేడిచేసినప్పుడు ఈ ద్రవం కూడా బయటపడింది. అలా దగ్గుమందు చుట్టరికంతో పేరు పొందిన ద్రవం ఇప్పుడు ఎందరికి దగ్గు తెప్పిస్తున్నదో చెప్పనక్కర్లేదు.

ఈ వంశం మొత్తానికి రెండు గుణాలున్నాయి. మొదటిది పలచదనం. నీళ్ళకన్నా చురుగ్గా పాకి, సందుల్లోకి దూరి, ఎక్కడ పడితే అక్కడ పరచుకుంటాయి. రెండోది, పొయ్యిమీద పెట్టకుండానే ఆవిరవటం. వీటివల్ల ఇంట్లో జరిగే అనర్థాల్లో చాలావాటికి ఈ రెండు గుణాలే మూలం. అది మనసులో వుంచుకుంటే, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ఒకరు చెప్పకుండానే సగం మీకే తోస్తుంది.

ఒక్క గుక్క

ఏడాది నిండి నడక వచ్చిన దగ్గర్నుంచి మూడు నాలుగేళ్ళ వరకు పిల్లలు కంటబడిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని చూస్తారు. ఎండాకాలంలో దాహమేసిన పిల్లవాడికి అందేటంత ఎత్తులో మంచినీళ్ళ సీసా కనిపిస్తే తాగక ఏం చేస్తాడు? ఒక గుక్క తాగుతాడు. నోరు మండుతుంది. ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. అసలు ప్రమాదం జరిగేది ఆ దగ్గు దగ్గరే.

కిరసనాయిలుగాని, థిన్నరుగాని కడుపులోకి పోతే విషంలా పనిచేసి ప్రాణం తీస్తుందని మనవాళ్ళ నమ్మకం. పిల్లలు పొరపాటున మింగే కొద్దిపాటి కిరసనాయిలు కడుపులో వున్నంతవరకు పెద్దగా హాని చెయ్యదు. కొంత కడుపునొప్పి, విరేచనాలు, తేన్పులో వాసన, అంతే. థిన్నరు రక్తంలోకి ఎక్కితే మత్తు వస్తుంది, అది కొంచెం ఎక్కువ చూసుకోవలసిన సంగతి. కాని వీటిలో దేనికైనా మేము భయపడేది వూపిరితిత్తుల గురించి. పలచటి ద్రవం గనుక గొంతులో దారితప్పి గాలిగొట్టంలోకి జారటం దానికి చాలా సులువు. ఒక్క మిల్లీలీటరు కన్నా తక్కువ, అంటే చెంచాలో ఐదోవంతైనా లేని ద్రవం, అక్కడికి చేరితే చాలు. వూపిరితిత్తుల్లోని గాలితిత్తుల లోపలి గోడలకు సబ్బునీటి పొరలాంటిది ఒకటి వుంటుంది. ఆ పొర వుండబట్టే, వూపిరి వదిలినప్పుడల్లా తిత్తులు ముడుచుకుపోకుండా వుంటున్నాయి. జిడ్డును కరిగించే ఈ ద్రవం ఆ పొరనూ కరిగించేస్తుంది. తిత్తులు మూసుకుపోతాయి, వాచిపోతాయి, వాటిలోకి నీరు చేరుతుంది. సూక్ష్మజీవి లేకుండా వచ్చే నిమ్ము ఇది. తాగిన అరగంటకే ఎక్స్‌రేలో మచ్చలు కనిపించవచ్చు, కొందరిలో అవి తేలటానికి చాలా గంటలు పట్టవచ్చు.

అంచేత ఒక్క మాట అన్నిటికన్నా ముఖ్యం. వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు తాగించటం, చింతపండు పులుసు పొయ్యటం, గొంతులో వేలు పెట్టటం, పిల్లవాణ్ణి కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపుమీద కొట్టటం, ఇవన్నీ మన పల్లెల్లోనే కాదు, చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో కూడా చేస్తారు. అంతా ప్రేమతోనే చేస్తారు. కాని ఒకసారి గొంతు దాటి కడుపులో పడి వూరుకున్న ద్రవాన్ని వాంతి రూపంలో మళ్ళీ గాలిగొట్టం ముఖద్వారం దగ్గరికి తెచ్చి నిలబెడుతున్నాం గదా! మొదటి గుక్కలో తప్పిపోయిన ప్రమాదం రెండోసారి తప్పుతుందన్న నమ్మకం లేదు.

ఏడాదిన్నర వయసున్న ఇద్దరు పిల్లలు ఒకే వారంలో మా వార్డులో చేరిన సందర్భం నాకు గుర్తుంది. ఒక పాప మేడ కట్టేచోట మేస్త్రీల మధ్య ఆడుకుంటూ టర్పెంటైను తాగింది. తల్లి కూలిమనిషి. ఏం చెయ్యాలో తెలియక, చెప్పేవాళ్ళు లేక, పాపను ఎత్తుకుని తిన్నగా ఆసుపత్రికి వచ్చింది. ఆ పాపకు కాస్త దగ్గు తప్ప మరేమీ రాలేదు. మర్నాడు వెళ్ళిపోయింది. రెండో పిల్లవాడిది కాస్త కలిగిన ఇల్లు. అక్కకు పెళ్ళని ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఇంటినిండా పెద్దవాళ్ళు. తలా ఒక సలహా చెప్పారు. రెండు గ్లాసుల ఉప్పునీళ్ళు పట్టించి, నాలుగుసార్లు వాంతి చేయించి తీసుకొచ్చారు. వచ్చేసరికి ముక్కుపుటాలు ఎగరేస్తూ, మూలుగుతూ వూపిరి తీస్తున్నాడు. మూడు రోజులు ప్రాణవాయువు మీద పెనుగులాడి నాలుగోనాడు చనిపోయాడు. తాగినది ఎవరెంతో కొలిచి చెప్పలేను. వాంతులే చంపాయని కోర్టులో రుజువు చెయ్యమన్నా చెయ్యలేను. కాని పెళ్ళి ఆగిపోయిన ఆ ఇంట్లో ఉప్పునీళ్ళు కలిపి ఇచ్చిన ముసలావిడ నన్నడిగిన ప్రశ్నకు, ఆవిడ ముఖం చూస్తూ నిజం చెప్పటం చేతకాక తల తిప్పుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మరి ఏం చెయ్యాలి? పిల్లవాడి నోరు, ముఖం తుడవండి. ఒంటిమీద పడి వుంటే బట్టలు విప్పేసి సబ్బునీళ్ళతో కడగండి. తడిసిన బట్టల నుంచి వచ్చే ఆవిరిని దారిపొడుగునా పీల్చనివ్వకూడదు. పాలు, మజ్జిగ, నెయ్యి, కోడిగుడ్డు సొన, ఏవీ పట్టకండి. కడుపు నిండినకొద్దీ వాంతి తనంతట తాను వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చిందనుకోండి, తల కిందకు వుండేటట్టు పక్కకు తిప్పి పట్టుకోండి. సీసాను కూడా వెంట తీసుకుని బయలుదేరండి. 108 కి ఫోను చెయ్యండి, ఆలస్యమయ్యేటట్టుంటే ఆటో ఎక్కండి. "బాగానే ఆడుకుంటున్నాడు గదా, చూద్దాంలే" అని మాత్రం ఇంట్లో వుండిపోకండి. ఏ బాధా లేని పిల్లవాణ్ణి కూడా మేము కనీసం ఆరు గంటలు దగ్గర పెట్టుకుని చూస్తాం. అప్పటికీ దగ్గు, ఆయాసం లేక, ఎక్స్‌రే బాగుంటే పంపేస్తాం. ఇంటికి వెళ్ళాక దగ్గు, జ్వరం, ఎగవూపిరి, మగతనిద్ర వీటిలో ఏది వచ్చినా వెంటనే తిరిగి రావాలి.

కొందరు తండ్రులు ఆసుపత్రికి రాగానే "గొట్టం వేసి కడుపు కడగరేం?" అని మామీద కోపం చేసుకుంటారు. ఈ ద్రవాల విషయంలో కడుపు కడగటం కూడా వాంతి చేయించటం లాంటిదే గనుక మామూలుగా చెయ్యం. డాక్టరు ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడని అనుకోకండి, ఆయన పిల్లవాడి వూపిరి లెక్కపెడుతున్నాడు. అయితే సీసాలో వున్నది పురుగుల మందైతే అది పూర్తిగా వేరే వ్యవహారం. పొలానికి కొట్టే మందులు చాలా వాటిని ఇలాంటి ద్రవాల్లోనే కరిగిస్తారు, వాసన అలాగే వుంటుంది. సీసా తెమ్మనేది అందుకే.

నోటితో పీల్చే పెట్రోలు

పిల్లల సంగతి సరే, పెద్దవాళ్ళకేమొచ్చింది? ఒక బండిలోంచి మరో బండిలోకి పెట్రోలు తీయటానికి రబ్బరుగొట్టం పెట్టి నోటితో పీల్చటం మన మెకానిక్కులకు, ఆటోవాళ్ళకు, కాలేజీ కుర్రాళ్ళకు చిన్నప్పటి విద్య. ఇంజను ఆయిలు, డీజిలు కూడా ఇలాగే లాగుతారు. ఎప్పుడో ఒకసారి పీల్పు ఎక్కువవుతుంది. నోటినిండా వచ్చిపడుతుంది. ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, నవ్వేసి వూరుకుంటారు. ఆ సాయంత్రానికో మర్నాటికో జ్వరం, వూపిరి తీస్తే కుడిపక్క పోటు, ఎడతెగని దగ్గు. క్షయ అనుకుని భయపడుతూ వచ్చినవాళ్ళున్నారు. పెట్రోలు సంగతి మేము అడిగితే తప్ప చెప్పరు. అదీ ఒక జబ్బుకు కారణమా అన్నట్టు చూస్తారు. ఎక్కువమంది కొద్దివారాల్లో కోలుకుంటారు గాని, వూపిరితిత్తిలో బుడగల్లాంటి గుల్లలు ఏర్పడి నెలల తరబడి కనిపెట్టి చూడవలసిన వాళ్ళు కూడా వుంటారు. చేత్తో నొక్కే చిన్న పంపు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. దాని ఖరీదు ఒక్క ఎక్స్‌రేకు కూడా చాలదు.

నేలమీద పాకే ఆవిరి

ఇప్పుడు రెండో గుణం సంగతి. పెట్రోలుగాని, థిన్నరుగాని ద్రవరూపంలో మండవు. వాటి మీద లేచే ఆవిరి గాలితో కలిసి మండుతుంది. నిప్పు చూపిస్తే అంటుకునేటంత ఆవిరి లేవటానికి ఒక్కో ద్రవానికి ఒక్కో వేడి కావాలి. పెట్రోలుకు సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన వున్నా చాలు, అంటే మన దేశంలో ఎక్కడైనా, ఏ రుతువులోనైనా సరే అది సిద్ధంగానే వుంటుంది. టోలుయీన్‌కు 4 డిగ్రీలు చాలు. ఫ్రిజ్ లోపల వుండే చల్లదనం అది. కిరసనాయిలుకు 35 డిగ్రీలు, అంతకు పైన. కిరసనాయిలు పెట్రోలంత ప్రమాదం కాదని మన పెద్దవాళ్ళు అనేది ఇందుకే. కాని రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటినప్పుడు రేకుల షెడ్డులో వున్న కిరసనాయిలు డబ్బా కూడా ఆ గీత దాటేసి వుంటుంది. శీతాకాలపు అలవాటుతో దానిని చూడకూడదు.

ఈ ఆవిరి గాలికన్నా బరువు. టోలుయీన్ ఆవిరి గాలికన్నా మూడింతలు బరువుగా వుంటుంది. అంచేత అది పైకి లేచి కిటికీలోంచి పోతుందనుకోవటం భ్రమ. నేలబారున నీళ్ళలా పాకుతుంది. గడప దాటుతుంది. మెట్లు దిగుతుంది. పల్లంలో, గుంటలో, సెల్లారులో నిలుస్తుంది. మీరు వరండాలో చీరమీద మరకకు పెట్రోలు రుద్దుతుంటారు. పది అడుగుల అవతల పూజగదిలో నేలమీద దీపం వెలుగుతుంటుంది. మధ్యలో ఏమీ లేనట్టే కనిపిస్తుంది. మంట దీపం దగ్గర మొదలై, పాకి వచ్చిన దారినే వెనక్కు వచ్చి మీ చేతిలోని గుడ్డను పట్టుకుంటుంది. అగ్గిపుల్ల ముట్టుకోలేదు మొర్రో అని కాలినవాళ్ళు చెబితే పోలీసులు ఒక్కోసారి నమ్మరు. నిజమే, ముట్టుకుని వుండరు. దీపమే కానక్కర్లేదు. ఫ్రిజ్ తనంతట తాను ఆగి మళ్ళీ మొదలైనప్పుడు లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ, లైటు స్విచ్చి వేసినప్పటి రవ్వ, గ్యాసు పొయ్యి, అగరువత్తి వెలిగించిన పుల్ల, ఏదైనా చాలు.

ఆవిరి బరువుగా నేలమీద పరచుకుంటే ఏమవుతుందో విశాఖపట్నం వాళ్ళకు వేరే చెప్పాలా? 2020 మే 7 తెల్లవారుజామున ఒక ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పరచుకుంది. స్టైరీన్ కూడా ఈ వంశంలోదే. నిద్రలో వున్న జనం లేచి పరుగెత్తి రోడ్లమీదే స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది చనిపోయారు. అది టన్నుల లెక్క, మన ఇంట్లోది సీసాల లెక్క. కాని ఆవిరి నడిచే పద్ధతి ఒకటే.

సీసాల లెక్క అంత తీసిపారెయ్యవలసింది కూడా కాదు. ఒక లీటరు టోలుయీన్ పూర్తిగా ఆవిరైతే 200 లీటర్లకు పైగా ఆవిరి అవుతుంది. గాలిలో నూటికి ఒక పాలు, కాస్త పైన, ఈ ఆవిరి కలిస్తే అంటుకునే మిశ్రమం తయారవుతుంది. లెక్కవేసి చూడండి. ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడుగు, పది అడుగుల ఎత్తు వుండే గదిని తలుపులు వేసి, ఒక లీటరు థిన్నరు ఒలకబోసి వుంచితే, గది గదంతా ఒక పెద్ద టపాకాయగా తయారు కావటానికి అది చాలు. నేలకు దగ్గర్లో అంతకన్నా చాలా ముందే తయారవుతుంది. మనం నిలబడి పీలిస్తే వచ్చే వాసన తక్కువగా వుందని నేలమీద ఆవిరి తక్కువగా వుందనుకోకూడదు.

ఇంకో విచిత్రం. నిండు డబ్బాకన్నా ఖాళీ డబ్బా ప్రమాదం. నిండు డబ్బాలో ఆవిరి కలవటానికి గాలి తక్కువ. ఖాళీ అయిందనుకున్న దాని అడుగున నాలుగు చుక్కలు వుంటాయి, మిగతాదంతా గాలి, పేలటానికి సరిగ్గా కావలసిన పాళ్ళు. ఖాళీ డ్రమ్మును నీళ్ళ తొట్టిగా మార్చుకుందామని వెల్డింగు షాపుకు తీసుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి పేపర్లలో పడుతూనే వుంటుంది.

అపార్టుమెంట్లలో వుండేవాళ్ళు తమ ఇంట్లో సీసా చూసుకుంటే చాలదు, కింది అంతస్తు కూడా చూసుకోవాలి. హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న జరిగింది మీకు గుర్తుండే వుంటుంది. కింద నిలవవుంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పైన కాపురాలుంటున్నవాళ్ళలో కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. ఇలాంటి చోట మెట్లదారే పొగగొట్టం అవుతుంది. దిగటానికి వేరే దారి వుండదు. మీ సెల్లారులో ఎవరైనా డ్రమ్ములు దించుతుంటే మొహమాటపడకండి. పక్కింటివాళ్ళతో తగవెందుకని వూరుకోవటం మర్యాద కాదు. ఫైరు స్టేషను నంబరు 101.

థిన్నరో పెట్రోలో ఇంట్లో ఒలికిందనుకోండి. గ్యాసు వాసన వచ్చినప్పుడు ఏం చేస్తారో అదే చెయ్యండి. తలుపులూ కిటికీలూ తెరవండి. మంటలు ఆర్పండి. స్విచ్చి వెయ్యకండి, ఆర్పకండి కూడా. ఫ్యాను వేస్తే వాసన పోతుందనిపిస్తుంది, ఆ పని మాత్రం వద్దు. పొడి ఇసుకో మట్టో జల్లి, ఎత్తి ఆరుబయట పొయ్యండి. అంటుకుంటే నీళ్ళు కుమ్మరించకండి. ఈ ద్రవాలు నీటికన్నా తేలిక గనుక మంట నీటిమీద తేలుతూ గదంతా తిరుగుతుంది. గిన్నెలో అంటుకుంటే మూతపెట్టండి, నేలమీదైతే ఇసుక పొయ్యండి. రెండు నిమిషాల్లో అదుపులోకి రాకపోతే బయటికి వచ్చి తలుపు వెయ్యండి. మనిషికి అంటుకున్నప్పుడు మాత్రం నీళ్ళే కావాలి. పరుగెత్తనివ్వకుండా కింద పడుకోబెట్టి దొర్లించి, మందపాటి నూలు దుప్పటి కప్పి ఆర్పి, ఆ తర్వాత కాలినచోట ఇరవై నిమిషాలపాటు కుళాయి నీళ్ళు పారనివ్వండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, పేడ ఏవీ పుయ్యకండి. ఒంటికి అతుక్కున్న గుడ్డను లాగకండి. నైలాను, పాలియెస్టరు బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి గనుక, వీటితో పని పెట్టుకున్నప్పుడు నూలు బట్టలు కట్టుకోవటం మేలు.

బండిమీద కూర్చునే, ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని పెట్రోలు పట్టించుకునేవాళ్ళను చూస్తుంటాను. ప్లాస్టిక్కులో ద్రవం పారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. డబ్బాను నేలమీద పెడితే అది చాలావరకు భూమిలోకి దిగిపోతుంది. ఒళ్ళో పెట్టుకుంటే రవ్వగా దూకవచ్చు. అసలు ఇంట్లో పెట్రోలు నిలవ పెట్టవలసిన అవసరం ఎవరికి వుంది చెప్పండి!

తలనొప్పి చెప్పే సమాచారం

ఇంటికి రంగులు వేస్తుంటే ఇల్లాలికి తలనొప్పి వస్తుంది. "వాసన పడదు" అని సర్దుకుంటుంది. అది వాసన పడకపోవటం కాదు. ఆవిరి వూపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడుకు చేరింది. మెదడులో కొవ్వు ఎక్కువ, ఈ ద్రవాలకు కొవ్వంటే ఇష్టం. మొదట తలనొప్పి, కళ్ళమంట, వికారం. తర్వాత తూలు, తికమక. మనకు పాత ఫ్యాక్టరీల చట్టంలో టోలుయీన్‌కు రోజుకు ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు, పది లక్షల పాళ్ళ గాలిలో నూరు పాళ్ళుగా వుండేది. మూసిన గదిలో రంగు వేసే మేస్త్రీ ఆ హద్దు ఎన్నిసార్లు దాటుతున్నాడో కొలిచేవాళ్ళెవరు? ముక్కును నమ్ముకునే వీలు కూడా లేదు. కాసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియటం మానేస్తుంది. తలనొప్పి వచ్చిందంటే పని ఆపి బయటికి రావాలని అర్థం. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు, ఆసుపత్రి గుడ్డమాస్కు ఆవిరిని ఆపవు. తెరిచిన కిటికీలు ఆపుతాయి. గర్భిణులు, చంటిపిల్లలు, ఉబ్బసం వున్నవాళ్ళు రంగులు వేసినన్నాళ్ళు, వాసన పూర్తిగా పోయేదాకా వేరేచోట పడుకోవటం మంచిది.

రోజూ ఇదే పనిలో వుండేవాళ్ళ కష్టం వేరు. చెప్పులు, సంచులు కుట్టే చోట వాడే కొన్ని గమ్ముల్లో హెక్సేన్ అనే ద్రవం వుంటుంది. నెలల తరబడి దాన్ని పీల్చినవాళ్ళకు కాళ్ళు తిమ్మిర్లెక్కి, చెప్పు జారిపోయినా తెలియక, చివరికి పాదం ఎత్తి వెయ్యలేని స్థితి వస్తుంది. పక్షవాతమనీ, బలహీనతనీ టానిక్కులు తాగుతుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం పని చేస్తారో ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.

ఇక రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నది ఒకటుంది. కొందరు పిల్లలు థిన్నరును, గమ్మును మత్తుకోసం గుడ్డలో పోసుకుని పీలుస్తారు. రైల్వేస్టేషన్లలో వుండే దిక్కులేని పిల్లల అలవాటని మనం అనుకుంటాం. మంచి బడుల్లో చదివే పిల్లల్లోనూ వుంది. 2012లో కేంద్ర ప్రభుత్వం సీసాల్లో అమ్మే వైట్‌నర్లను, వాటి థిన్నర్లను నిషేధించి, పెన్ను రూపంలో మాత్రమే అమ్మనిచ్చింది ఇందుకే. పెదాల చుట్టూ పొక్కులు, బట్టలకు రంగుల దుకాణం వాసన, చదువులో హఠాత్తుగా వెనకబడటం, కారణం లేని కోపం కనిపిస్తే గమనించండి. పీలుస్తుండగా మీ కంట పడితే అరవకండి, తరమకండి, చెయ్యి చేసుకోకండి. ఇది నీతి కోసం చెబుతున్నమాట కాదు. టోలుయీన్ గుండెను అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. బెదిరినప్పుడు, పరుగెత్తినప్పుడు ఒంట్లో పుట్టే అడ్రినలిన్ అలాంటి గుండెను లయ తప్పించి అక్కడికక్కడే ఆపెయ్యగలదు. మొదటిసారి పీల్చిన పిల్లవాడు కూడా అలా పోవచ్చు. నెమ్మదిగా పలకరించి, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, మత్తు వదిలేదాకా పక్కనే వుండండి. కోప్పడటానికి మర్నాడు వుంది.

చేతులకు అంటిన రంగు వదిలించుకోవటానికి థిన్నరుతోనే చేతులు కడుక్కోవటం మేస్త్రీల అలవాటు. చర్మంలోని సహజమైన జిడ్డంతా పోయి, పగుళ్ళిచ్చి, దురదలు మొదలవుతాయి. మెకానిక్కులు పెట్రోలుతో కడుక్కుంటారు. పెట్రోలులో బెంజీన్ అని రక్తకణాలను పాడుచేసి కాన్సరు తెచ్చే గుణమున్న ద్రవం కొద్దిగా వుంటుంది. చేతికి కొంచెం కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగితే రంగు దానంతట అదే వదులుతుంది. పిల్లల తలలో పేలకు కిరసనాయిలు రాసే అలవాటు ఇంకా పోలేదు. తల మండటం అటుంచి, ఆ తలతో పొయ్యి దగ్గరికి పోతే ఏమవుతుందో పైన రాసినదంతా చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పేలకు మందులున్నాయి. కంట్లో థిన్నరు పడితే రెప్పలు విడదీసి పట్టుకుని పదిహేను ఇరవై నిమిషాలు మంచినీళ్ళతో కడిగి, తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మిగిలిపోయిన సీసాల సంగతి చెప్పి ముగిస్తాను. కావలసినంతే కొనండి, పావులీటరు డబ్బాలు కూడా దొరుకుతాయి. కొన్న డబ్బాలోనే వుంచండి. తాగే సీసాల్లోకి, గ్లాసుల్లోకి వంపకండి, "ఒక్క నిమిషమే గదా" అని కూడా వద్దు. ప్రమాదాలు జరిగేది ఆ నిమిషంలోనే. పనివాళ్ళు భోజనానికి లేచినప్పుడు బ్రష్షులు నానేసిన డబ్బా ఎక్కడ పెట్టి వెళ్ళారో ఇంటివాళ్ళే చూసుకోవాలి. మిగిలినది మేస్త్రీకే ఇచ్చేస్తే సంతోషంగా పట్టుకుపోతాడు. ఇంట్లో వుంచక తప్పదంటే మూత బిగించి, తాళం వేసిన అలమరలో, వంటింటికీ పడకగదికీ దూరంగా పెట్టండి. డ్రైనేజీలో పొయ్యకండి, ఆవిరి గొట్టంలో చేరి పక్కింటి స్నానాలగదిలో తేలుతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడెయ్యకండి. ముఖ్యంగా చెక్కకు అవిసెనూనె పాలిషు పట్టిన గుడ్డలు ముద్దగా వుంటే లోలోపల వేడెక్కి వాటంతటవే రాజుకుంటాయి. విడివిడిగా ఆరుబయట ఆరేసి, పూర్తిగా ఆరాక పారెయ్యండి.